ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నుదాకా వచ్చిన దారి

ఆశా కార్యకర్త గర్భిణుల చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా ఉంటుంది. దాని జాడ మొదట దొరికింది బొంబాయిలో. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పీడిస్తున్న తీవ్రమైన రక్తహీనతకు కారణం వెతుకుతూ ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్ 1928లో వచ్చారు. ఈస్ట్ సారమైన మార్మైట్ ఇస్తే వాళ్లు కోలుకున్నారని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసిన పదార్థాన్ని టెక్సాస్ శాస్త్రవేత్తలు 1941లో పాలకూర నుంచి రాబట్టారు, అదీ టన్నులకొద్దీ ఆకు వాడితే వచ్చిన కాస్తంత.

ప్రయోగశాలలో దాన్ని తయారుచేయడం 1945లో సాధ్యమైంది. ఆ ఘనత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో భీమవరంవాడు యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందానిది. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనబెట్టుకుంది. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందయింది.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా ఆ బృందం చేసిందే. పిల్లల లుకేమియాకు దాన్ని వాడి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో చరిత్ర సృష్టించారు. అదే మందు గర్భస్రావానికి ఇచ్చినప్పుడు కొన్ని పిండాల్లో అవయవ లోపాలు కనిపించాయని 1952లో ఒక నివేదిక వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలకూ ఈ విటమిన్‌కూ ముడి ఉందని చెప్పిన తొలి ఆధారాల్లో ఇదొకటి.

1965లో లివర్‌పూల్‌లో ఎలిజబెత్ హిబ్బర్డ్, రిచర్డ్ స్మిథెల్స్ ఆ ముడిని తల్లుల్లో చూపించారు. లోపాలున్న బిడ్డలను కన్నవారిలో శరీరం ఫోలేట్‌ను (ఫోలిక్ యాసిడ్‌ను) సరిగా వాడుకోలేకపోవడం ఎక్కువగా కనిపించింది. మెదడు, వెన్నుపాము లోపాలున్న బిడ్డను అప్పటికే కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే విటమిన్లిస్తే లోపం మళ్లీ రావడం బాగా తగ్గిందని స్మిథెల్స్ 1980లో ప్రకటించారు. కానీ తల్లులను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీయడానికి నైతిక సంఘాలు ఒప్పుకోలేదు. దాంతో ఫలితాన్ని చాలామంది నమ్మలేదు. ఆ సందేహం శాస్త్రరీత్యా న్యాయమైనదే. అయినా అది తీరేలోగా పుట్టిన పిల్లలను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

7 దేశాల్లో 1817 మంది స్త్రీలతో బ్రిటన్ జరిపిన పరీక్ష 1991లో ఆ సందేహాన్ని తీర్చింది. ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో ముప్పు 72 శాతం తగ్గడంతో పరీక్షను గడువుకు ముందే ఆపేశారు.

చిక్కల్లా సమయంతోనే. మెదడుగా, వెన్నుపాముగా మారే న్యూరల్ ట్యూబ్ గర్భం ధరించిన 28 రోజుల్లో మూసుకుపోతుంది; అది సరిగా మూసుకోకపోతేనే ఈ లోపాలు వస్తాయి. నెల తప్పిందని తెలిసి, ఆస్పత్రికి వెళ్లి మొదలుపెట్టే మాత్ర రక్తానికి పనికొస్తుంది గానీ, వెన్నుకు అప్పటికే ఆలస్యమైపోతుంది. గర్భం ధరించకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమనడం అందుకే. బిడ్డ సంగతి ఇంకా తలపెట్టని అమ్మాయి తినే రొట్టెలో కూడా ఇది ఉండాలని, ధాన్యపు పిండిలో కలపడాన్ని అమెరికా 1998 నుంచి తప్పనిసరి చేసింది.