యంత్రానికి అక్షరాభ్యాసం

నందిగామ దాటి హైదరాబాదు మార్గంలో వెళితే జగ్గయ్యపేట వస్తుంది. పూర్వం బేతవోలు అనబడిన ఈ గ్రామానికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఊరి చెంత ధనబోడు అనే గుట్టమీద ఒక ప్రాచీన బౌద్ధస్తూపం కలదు. 1882 ప్రాంతంలో జేమ్స్ బర్జెస్ దానిని పరిశోధించగా శాసనస్తంభాలు వెలుగులోకి వచ్చాయి. ఇక్ష్వాకు వంశీయుడైన వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి స్తూపపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయకస్తంభాలు నిలిపినట్లు వాటిపై ప్రాకృతభాషలో ఉన్నది. లిపి బ్రాహ్మి. అయితే అశోకుని శాసనాలలోని నిరాడంబరమైన బ్రాహ్మి కాదిది. నిలువుగీతలను దీర్ఘంగా సాగదీసి, కొసలను వయ్యారంగా వంపు తిప్పిన అలంకృత లిపి. శతాబ్దాలపాటు ఆ రాళ్లు ఊరి పక్కనే ఉన్నా చదవగలవారు లేరు. తెలుగు లిపి ఆ బ్రాహ్మి సంతతియే అయినా, మనుమడికి ముత్తాత ముఖం గుర్తు లేకపోయింది.

బ్రాహ్మిని మరల చదవడం 1837లో జేమ్స్ ప్రిన్సెప్ వల్ల సాధ్యమైంది. సాంచీలోని చిన్న చిన్న శాసనాలలో అనేకం ఒకే అక్షరాలతో ముగియడం ఆయన గమనించాడు. స్తూపం వద్ద భక్తులు వ్రాయించేది దానవిషయమే కావాలని ఊహించి, ఆ పదం ‘దానం’ అని గ్రహించాడు. ద, న అనే అక్షరాలు అలా చేతికందాయి. తక్కినవి వాటి ఆధారంగా వచ్చాయి. తెలిసినదానిని పట్టుకొని తెలియనిదానిలోకి వెళ్లడమే ఆ పద్ధతి. నేడు కంప్యూటరుకు ముద్రితలిపి నేర్పే విధానం కూడా దీనికి దూరమైనది కాదు. ఒక పంక్తి చిత్రం, ప్రక్కనే దాని శుద్ధపాఠం, ఇలా జంటలను వేలకొలదిగా చూపుతారు. పలకపై దిద్దించే గురువు చేసే పని ఇదే.

తెలుగు ముద్రితాక్షరాలను యంత్రం చేత గుర్తింపజేయడంపై రాజశేఖరన్, దీక్షితులు 1977లోనే పరిశోధనపత్రం ప్రకటించారు. 2001లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, కృష్ణ మరొక మార్గం చూపారు. గుణింతాలు, ఒత్తులు కలిసి తెలుగులో ఏర్పడే ఆకృతులు సుమారు 10,000 అని వారి అంచనా. అన్నింటినీ విడివిడిగా నేర్పడం దుస్సాధ్యం. కనుక అతుక్కొని ఉన్న భాగాలుగా విడదీసి, 370 మూలరూపాలతో పని నడిపారు. సుమారు 92 శాతం సరిగా వచ్చింది. వినడానికి గొప్పగా ఉన్నా, నూరక్షరాలకు ఎనిమిది తప్పులంటే దాదాపు ప్రతి పంక్తిలోనూ తప్పు ఉంటుందన్నమాట. 2015లో రాకేశ్ ఆచంట, ట్రెవర్ హేస్టీ నాడీజాలపద్ధతిని ప్రయోగించారు. ఏ రూపం తరువాత ఏ రూపం వచ్చే అవకాశం అధికమో లెక్కగట్టే భాషానమూనాను కూడా దానికి జోడించారు.

ఆస్తికులు ఆలోచించవలసినది ఇక్కడే. వావిళ్ల వంటి ముద్రణాలయాలు సంస్కృత గ్రంథాలను తెలుగులిపిలో విరివిగా అచ్చువేశాయి. కాగితం పెళుసెక్కిన ఆ ప్రతులు ఇప్పుడు చిత్రరూపంలో భద్రమవుతున్నాయి. అయితే చిత్రంలో పదం వెదకలేము. అందుకని యంత్రం చేత చదివిస్తే, తెలుగు వాక్యాలతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రం తనకు అలవాటైన రూపంవైపు మొగ్గుతుంది. విసర్గ సున్న అవుతుంది. ‘థ’లోని చుక్క పాతకాగితపు మరకగా తోచి పోతే ‘వేదార్థం’ కాస్తా ‘వేదార్ధం’ అవుతుంది. వేదంలో సగం అన్నమాట! మనుష్యులే నిత్యం చేసే తప్పు గనుక యంత్రాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు.

స్వరచిహ్నాల విషయం ఇంకా సున్నితమైనది. అక్షరం క్రింద అడ్డగీత అనుదాత్తం, పైన నిలువుగీత స్వరితం. చిత్రాన్ని శుభ్రపరచే దశలోనే ఇవి మలినాలుగా తొలగిపోవచ్చు. ‘ఇంద్రశత్రు’ శబ్దంలో స్వరం తప్పినందున, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రుని చేత హతుడైన కథ శిక్షాగ్రంథాలు ఎరిగినదే. అక్కడ ఒక్క అక్షరమూ మారలేదు; ఉదాత్తస్థానం మాత్రమే మారింది.

మరొక చిక్కు కూడా ఉండేది. పాత తెలుగుప్రతులలోని నకారప్పొల్లుకు యూనికోడ్‌లో 2021 వరకు ప్రత్యేకస్థానమే లేదు. అంతవరకు యంత్రం దానిని సరిగా గుర్తించినా, ఆ రూపంలోనే వ్రాసి చూపడానికి సంకేతం ఉండేది కాదు. ఇప్పుడు స్థానం దొరికింది, స్వరచిహ్నాలకూ ఉన్నది. కావలసినది పుటకు ప్రక్కన పెట్టే శుద్ధపాఠం. సస్వరమైన పనసను చూడకుండా వల్లించగల ఘనాపాఠీ ఎదుట ఒక పుట ఉంచితే, ఎక్కడ గీత చెరిగిందో ఆయన చెవియే చెబుతుంది. అటువంటివారు జీవించి ఉండగానే ఆ పుటలు దిద్దించుకోవాలి. ధనబోడు రాళ్లను చదవవలసి వచ్చినప్పుడు ఆ లిపి తెలిసిన గురువు ఒక్కడూ మిగిలి లేడు.