జర్మన్ బొద్దింక

రాత్రి వంటింట్లో లైటు వేయగానే పొయ్యి కిందికో, మిక్సీ వెనక్కో చటుక్కున దూరిపోయే చిన్న, లేత గోధుమరంగు పురుగు జర్మన్ బొద్దింక. శాస్త్రీయ నామం బ్లాటెల్లా జెర్మానికా. ఇళ్లు, హోటళ్లు, ఆసుపత్రులు, రైలు పెట్టెలు, ఓడలు దీని నివాసాలు. అడవుల్లో, పొలాల్లో ఇది బతకదు. పేరు జర్మనీదే అయినా పుట్టిల్లు మాత్రం భారత్, మయన్మార్‌ల వైపే ఉందని 2024లో వెలువడిన జన్యు పరిశోధన చెబుతోంది.

గుర్తుపట్టడం ఎలా?

బొద్దింక అనగానే మనకు మురుగు తూముల్లోంచి వచ్చే ఎర్రటి పెద్ద పురుగు గుర్తొస్తుంది. ఇంటర్మీడియట్ జువాలజీ విద్యార్థులు చదివే పెరిప్లానెటా అమెరికానా అదే. అది సుమారు 4 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జర్మన్ బొద్దింక పొడవు 1.1 నుంచి 1.6 సెంటీమీటర్లే. తల వెనుక ఉన్న పలక మీద రెండు నల్లని నిలువు చారలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెక్కలున్నా ఇది ఎగరలేదు.

చాలామంది దీన్ని పెద్ద బొద్దింక పిల్ల అనుకుంటారు. బొద్దింక పిల్లలకు రెక్కలుండవు. చిన్నగా ఉండి, వీపంతా రెక్కలు కప్పి ఉంటే అది ఎదిగిన జర్మన్ బొద్దింకే.

పేరు వెనుక యుద్ధం

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1767లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఐరోపాను కుదిపేసిన ఏడేళ్ల యుద్ధం (1756–1763) అప్పటికి నాలుగేళ్ల కిందటే ముగిసింది. రష్యన్లు ఈ పురుగును ‘ప్రూసాక్’, అంటే ప్రష్యావాడు అన్నారు. జర్మన్లేమో రష్యా బొద్దింక అన్నారు. నచ్చని పురుగును శత్రువు ఖాతాలో వేసిన ఆ పేర్లలో ఒకటి శాస్త్రంలో స్థిరపడింది.

తూర్పు నుంచి పడమరకు

అసలు బంధువు జాడ ఆసియాలో దొరికింది. జపాన్‌లోని ఒకినావాలో దొరికిన ఆసియా బొద్దింకను (బ్లాటెల్లా అసహినై) 1981లో కొత్త జాతిగా వర్ణించారు. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి. అయితే ఆసియా బొద్దింక ఆరుబయట రాలిన ఆకుల్లో బతుకుతుంది, చక్కగా ఎగురుతుంది, దీపం వైపు వస్తుంది. జర్మన్ బొద్దింక వెలుతురు చూస్తే పారిపోతుంది.

2024 నాటి పరిశోధనలో చియాన్ టాంగ్, థియోడర్ ఇవాన్స్ బృందం 17 దేశాల నుంచి 281 బొద్దింకలను సేకరించి వాటి జన్యువులను పోల్చింది. సుమారు 2,100 ఏళ్ల కిందట, బహుశా భారత్‌లోనో మయన్మార్‌లోనో, ఆసియా బొద్దింకలు కొన్ని మనుషుల నివాసాలకు అలవాటు పడి వేరే జాతిగా మారాయని తేల్చింది. సుమారు 1,200 ఏళ్ల కిందట, ఇస్లామిక్ రాజవంశాల కాలంలో, అవి పశ్చిమాసియాకు చేరాయి. సుమారు 390 ఏళ్ల కిందట, ఐరోపా వలస వ్యాపారం సాగుతున్న రోజుల్లో, తూర్పు దిశగా వ్యాపించాయి. తర్వాత వేగంగా నడిచే ఓడలు, వెచ్చని ఇళ్లు వాటిని చలి దేశాల్లోనూ నిలబెట్టాయి.

సంతానం, మందులు

ఆడ బొద్దింక 30 నుంచి 40 గుడ్లున్న తిత్తిని పొట్ట చివర మోస్తూ, పిల్లలు బయటికొచ్చే ముందు దాకా వదలదు. మిగతా ఇంటి బొద్దింకలు చాలావరకు గుడ్ల తిత్తిని ఏదో మూల వదిలేసి పోతాయి. ఈ కాపలా వల్లే దీని సంతతి త్వరగా పెరుగుతుంది. అనుకూలమైన వెచ్చదనంలో పిల్లలు రెండు మూడు నెలల్లోనే ఎదుగుతాయి.

తరాలు ఇంత వేగంగా మారుతుంటే మందుకు తట్టుకునేవి త్వరగా పైకొస్తాయి. క్లోర్డేన్ మందు 1950ల మొదట్లోనే అమెరికాలోని టెక్సాస్‌లో వీటిమీద పనిచేయకుండా పోయింది. తరువాత తీపి ఎరలు వచ్చాయి. కొన్ని బొద్దింకలు గ్లూకోజ్ కలిపిన ఎరను ముట్టడం మానేశాయని 1993లో వెల్లడైంది. వాటికి గ్లూకోజ్ చేదుగా తగులుతోందని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో కారణం చూపించారు.

పిల్లల ఊపిరికి ముప్పు

బొద్దింకల మలం, విడిచిన కుబుసాలు పొడిగా మారి దుమ్ములో కలిసి ఉబ్బసాన్ని రేపుతాయి. అమెరికా నగరాల్లో ఉబ్బసం ఉన్న 476 మంది పిల్లలను పరిశీలించగా, 36.8 శాతం మందికి బొద్దింకలతో అలర్జీ ఉన్నట్టు 1997లో తేలింది. అలర్జీ ఉండి, పడకగదిలో ఆ దుమ్ము ఎక్కువగా ఉన్న పిల్లలు మిగతావారి కంటే మూడు రెట్లకు పైగా ఆసుపత్రి పాలయ్యారు.

ఇవి మందులను త్వరగా తట్టుకుంటాయి కాబట్టి మందు ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. తిండి లేకపోయినా నీళ్లుంటే ఈ పురుగు వారాల తరబడి బతుకుతుంది. నీళ్లు లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. సింకు కింద కారే పైపును ముందు బాగు చేయించండి. గోడ పగుళ్లు పూడ్చండి. కిరాణా అట్టపెట్టెలను వంటింట్లోకి తెచ్చే ముందు విప్పి దులపండి. జెల్ ఎర పెట్టాక కొన్ని వారాలకు మళ్లీ పెట్టండి, ఎందుకంటే తిత్తిలోని గుడ్లకు మొదటి విడత మందు అందదు.