ఐస్ స్కేటింగ్ ప్రాథమిక శిక్షణ

ఐస్ స్కేటింగ్ ప్రాథమిక శిక్షణ అనగా మంచుగడ్డపై స్కేటింగ్ చేయడం ఎరుగనివారిని ఒకే స్థాయి గల చిన్న బృందాలుగా చేర్చి, క్రమపద్ధతిలో నేర్పే విధానం. ఇది అమెరికా, కెనడా, పలు ఐరోపా దేశాలలోని రింకులలో విస్తృతంగా అమలులో ఉన్నది. ఫిగర్ స్కేటింగ్, ఐస్ హాకీ, స్పీడ్ స్కేటింగ్ క్రీడలు మూడింటికీ ఇదే తొలి మెట్టు. ఈ శిక్షణలో నడకకంటె ముందుగా క్షేమంగా పడటం, పడి లేవడం నేర్పుతారు.

నేపథ్యం

పూర్వం ఉత్తర ఐరోపా ప్రజలు జంతువుల ఎముకలను పాదాలకు కట్టుకొని గడ్డకట్టిన సరస్సులను దాటేవారు. తరువాతి కాలంలో లోహపు బ్లేడ్లు వాడుకలోకి వచ్చాయి. 1876లో జాన్ గామ్జీ లండనులో నెలకొల్పిన గ్లేసియారియం, యంత్రాల సహాయంతో నీటిని గడ్డకట్టించిన మొదటి రింకు. ఇటువంటి రింకుల వలన ఋతువుతో నిమిత్తం లేకుండా తరగతులు నడపడం సాధ్యమైంది.

అమెరికాలో 1959లో ఏర్పడిన ఐస్ స్కేటింగ్ ఇన్‌స్టిట్యూట్ పాఠ్యక్రమంలో ప్రీ-ఆల్ఫా, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అను స్థాయులు ఉన్నాయి. 2016లో యు.ఎస్. ఫిగర్ స్కేటింగ్ సంస్థ "లెర్న్ టు స్కేట్ యు.ఎస్.ఏ." కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇందులో చిన్నపిల్లలకు "స్నోప్లౌ శామ్", పెద్దపిల్లలకు "బేసిక్", వయోజనులకు "అడల్ట్" అను విభాగాలు కలవు. కెనడాలో ఇటువంటి కార్యక్రమాన్ని "కాన్‌స్కేట్" అంటారు.

పరికరాలు

బ్లేడు అడుగున పొడవునా సన్నని గాడి ఉంటుంది. దానికి ఇరువైపులా ఉండే లోపలి అంచు, వెలుపలి అంచులపైనే స్కేటింగ్ నైపుణ్యమంతా ఆధారపడి ఉంటుంది. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు ముందుభాగంలో పళ్ళు ఉంటాయి. కొత్తవారు మునివేళ్ళతో నెట్టడానికి ప్రయత్నించినపుడు ఈ పళ్ళు మంచులో దిగబడి ముందుకు తూలిపడతారు. బూటు వదులుగా ఉంటే చీలమండ పక్కకు వాలిపోతుంది. కావున బూటు మడమను గట్టిగా పట్టి ఉంచాలి. శిరస్త్రాణం, చేతితొడుగులు ధరించడం మంచిది.

పడటం, లేవడం

పడిపోతున్నపుడు చేతులు చాచి ఆపుకోవాలనుకోవడం సహజం. కాని అలా చేస్తే శరీరభారమంతా మణికట్టుపై పడి ఎముక విరిగే ప్రమాదం ఉంది. వెనుకకు వెల్లకిలా పడితే తలకు దెబ్బ తగులుతుంది. అందువలన మోకాళ్ళు వంచి, కిందికి కూర్చుంటున్నట్లుగా ఒక పక్కకు ఒరిగి, తుంటి కండరంపై పడటం నేర్పుతారు. ఇతరుల బ్లేడ్లు తగలకుండా వేళ్ళను వెంటనే ముడుచుకోవాలి. లేచేటపుడు మోకాళ్ళపై వంగి, ఒక పాదాన్ని ముందుకు తెచ్చి మంచుపై నిలిపి, ఆ మోకాలిపై రెండు చేతులూ ఆనించి నిలబడాలి.

పాఠ్యక్రమం

తొలి పాఠాలలో ఉన్నచోటనే అడుగులు వేయడం, తరువాత మంచుపై నడవడం, రెండు పాదాలపై జారడం ఉంటాయి. "స్విజిల్" అను కదలికలో మడమలు కలిపి, మునివేళ్ళు విడదీసి, పాదాలను బయటకు పోనిచ్చి మరల దగ్గరకు తెస్తారు. ఆగడానికి "స్నోప్లౌ స్టాప్" నేర్పుతారు: మునివేళ్ళను లోపలికి తిప్పి, మడమలను బయటకు నెట్టి, బ్లేడుతో మంచును గీరడం. పిదప ఒంటికాలిపై జారడం, వెనుకకు జారడం, మలుపులు, ఒక పాదాన్ని రెండవదాని మీదుగా దాటించే "క్రాస్ఓవర్" వస్తాయి. ఒక స్థాయిలోని అంశాలు చేసి చూపినవారిని పై స్థాయికి పంపుతారు.

భారతదేశంలో

సిమ్లాలో 1920 నాటి ఆరుబయలు రింకు ఉంది. అక్కడ మంచు చలికాలంలో మాత్రమే నిలుస్తుంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం నిర్మించిన రింకు చాలాకాలం మూతబడి, 2025లో తిరిగి తెరుచుకుంది. తెలుగునాట సహజమైన మంచుగడ్డలు లేవు. ఇక్కడి పిల్లలకు రోలర్ స్కేటింగ్ పరిచితం. దానివలన కలిగే సమతౌల్యం మంచుపైనా ఉపకరిస్తుంది. అయితే మంచు బూట్లకు బ్రేకు ఉండదు కనుక, అటువంటివారు కూడా ఆగే విధానాన్ని మొదటినుండి నేర్చుకోవలసి ఉంటుంది.