దోమ కథలో మగవాడి వంతు



నీళ్ళ తొట్లు, పూలకుండీల కింద పళ్ళేలు, పెరట్లో పారేసిన కొబ్బరిచిప్పలు - దోమ అనగానే మనకి గుర్తొచ్చేవి ఇవే. మన ఇళ్ళల్లో డెంగ్యూ తెచ్చే ఆ పగటి దోమే 2015లో బ్రెజిల్ దేశంలో జికా అనే జ్వరాన్ని ఊరూరా పంచిపెట్టింది. పెద్దవాళ్ళలో చాలామందికి అది వచ్చినట్టే తెలియదు. కాని గర్భిణికి సోకితే కడుపులో బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు. రెసిఫె నగరం ఆస్పత్రుల్లో, తల మరీ చిన్నదిగా పుట్టిన పసికందుల్ని వరసగా చూసి వైద్యులే నిర్ఘాంతపోయారు.

అప్పుడు పక్క దేశాల ప్రభుత్వాలు ఏం చేశాయనుకున్నారు? 2016 జనవరిలో ఎల్ సాల్వడార్ ప్రభుత్వం, 2018 దాకా గర్భం ధరించవద్దని స్త్రీలకు సలహా చెప్పింది. కొలంబియా ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగమంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఆగడం ఆడదాని ఒక్కదాని చేతిలో పనా అండీ? నిరోధ్ వాడనని భర్త మొండికేస్తే ఆ సలహా ఏ మూలకి? పైగా ఎల్ సాల్వడార్‌లో ఏ కారణం చేతనైనా సరే, గర్భస్రావం చేయించుకోవడం నేరం. బలాత్కారానికి గురైన పిల్లకైనా మినహాయింపు లేదు. మగవాళ్ళ మాట ఎత్తరేమని స్త్రీల సంఘాలు నిలదీశాయి.

మగవాడి వంతు అంతటితో అయిపోలేదు. 2008లో ఒక అమెరికా శాస్త్రజ్ఞుడు దోమల పరిశోధన కోసం సెనెగల్ వెళ్ళి, కొలరాడోలోని ఇంటికి తిరిగొచ్చి జబ్బుపడ్డాడు. కొద్దిరోజులకి, ఆఫ్రికా మొహమే చూడని ఆయన భార్యకీ అదే జబ్బు! పిల్లలకి మాత్రం రాలేదు. దాచి ఉంచిన రక్తాన్ని తరువాత పరీక్షిస్తే జికా అని తేలింది. భార్యాభర్తల కలయిక వల్లే సోకి ఉండాలని 2011లోనే పత్రికలో రాశారు. అయినా, ఐదేళ్ళ తరువాత హెచ్చరికలు మొదట ఆడవాళ్ళకే వెళ్ళాయి.

ఈ వైరస్ రక్తంలోంచి త్వరగానే పోతుంది, వీర్యంలో మాత్రం నెలల తరబడి ఉండగలదట. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, జికా ఉన్న చోటునుంచి వచ్చినవారు ఆడైనా మగైనా ఆరునెలలు జాగ్రత్తపడాలంది. తరువాత ఆ గడువును ఆడవాళ్ళకి రెండు నెలలకీ, మగవాళ్ళకి మూడు నెలలకీ తగ్గించారు. చూశారా, మగవాడి గడువే ఎక్కువ!

బ్రెజిల్‌లో ఆ బిడ్డల్ని చంకనేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగింది ఎక్కువగా తల్లులే. కొందరు తండ్రులు ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. 2015 నుంచి 2019 లోపు పుట్టిన ఆ బిడ్డలకు బతికున్నంత కాలం నెలనెలా పింఛను ఇచ్చే చట్టం 2020లో వచ్చింది.