కుదువకు పోయిన 47 టన్నులు

 1941 ఆగస్టు 17 ఆదివారం. ఆ రోజు కడప జిల్లా పాటూరులో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డి దేశానికి రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. కాసిపేటలో బొగ్గుబాయి పక్కన పెరిగిన నాకు రాయలసీమ ఆర్థికవేత్త మీద ఇంత అభిమానం ఎందుకో చెప్పాలంటే బంగారం కథ చెప్పాలి.

తెలుగు నేలకు పరదేశాలతో లెక్కలు పాతవే. ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొచ్చినా రాజు దాన్ని కాజేయడని 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. 1611లో ఇంగ్లిషు కంపెనీ మచిలీపట్నంలో దిగింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్లు పట్టాడు. దాన్ని తవ్వడానికి 1886లో కంపెనీ పుట్టింది లండన్‌లోనే. అదే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అయింది.

పరదేశాలతో అలాంటి లెక్కే తర్వాత చూడాల్సి వచ్చిన వై.వి. రెడ్డి మద్రాసులో ఎం.ఏ., ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, 1964లో ఐఏఎస్‌లో చేరారు. ప్రపంచ బ్యాంకులో పనిచేసి వచ్చారు. 1991 నాటికి కేంద్ర ఆర్థిక శాఖలో సంయుక్త కార్యదర్శి. విదేశీ చెల్లింపుల లెక్క చూసే కుర్చీ అది.

ఆ లెక్క అప్పటికే తలకిందులైంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర మండిపోయింది. మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఖజానాలో ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు మించి రావన్న స్థితి వచ్చింది. ఇక మిగిలింది బంగారం.

బంగారం కుదువ పెట్టడమంటే ఏమిటో మా అమ్మ దగ్గర చూశాను. జీతం పడటానికి ఇంకా పది రోజులుంది, తమ్ముడికి జ్వరం. పుస్తెలతాడు తీసి కొంగున ముడేసుకుని, మెడలో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుంది. పెద్దరోడ్డున పోకుండా క్వార్టర్ల వెనక సందులోంచి నడిపించింది. మందమర్రి బజార్లో సేటు గీటురాయి మీద ఒక గీత గీసి, అద్దాల పెట్టెలోని చిన్న త్రాసులో తూచాడు. ముల్లు నిలిచేదాకా అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చేతికొచ్చిన చిట్టీని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది. బస్సెక్కాక నాతో ఒకటే మాటంది, "బాపుతోటి అనకు బిడ్డా."

దేశం కూడా ఎవరికీ తెలియకుండానే పోదామనుకుంది. 1991 మే నెలలో 20 టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా స్విస్ బ్యాంకుకు పోయాయి. ఆపైన జులైలో రిజర్వు బ్యాంకు సొంత బంగారం దాదాపు 47 టన్నులు లండన్‌కు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు. బాయిలో బొగ్గు మోసే టబ్బుకు టన్ను చొప్పున లెక్కేస్తే 47 టబ్బులు. బాయిలో ఒక షిఫ్టులో అంతకన్నా ఎక్కువే ఎత్తేవాళ్లు, కానీ అది బొగ్గు. ఈ 47 టబ్బులు బొంబాయి కోట ప్రాంతంలోని ఖజానా దాటి విమానాశ్రయానికి చేరాలి. దారిలో వ్యాన్ టైరు పేలి బండి ఆగిపోయింది. కాపలావాళ్ల గుండెలు జారాయి.  ఈ సంగతి వై.వి. రెడ్డే తర్వాత చెప్పారు. దేశం పరువంతా నడిరోడ్డు మీద గాలిపోయిన టైరు మీద నిలబడ్డ ఆ కాసేపు నాకు కళ్లకు కట్టినట్టుంటుంది. జులై 8న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ గుట్టు బయటపెట్టింది. జనం భగ్గుమన్నారు.

దొరికిన అప్పు సుమారు 40 కోట్ల డాలర్లు. అంతకు రెండు వారాల ముందే ప్రధాని అయిన పి.వి. నరసింహారావు మనకు పరాయివాడు కాదు. 1957 నుంచి ఇరవై ఏళ్లు గోదావరి ఒడ్డున మంథనికి ఎమ్మెల్యే. రూపాయి విలువ రెండు రోజుల తేడాలో రెండుసార్లు తగ్గించారు. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. ఏడాది తిరగకముందే కుదువ విడిపించారు.

పుస్తెలతాడు విడిపించుకున్నాక అమ్మ మళ్లీ సేటు గడప తొక్కకూడదని బియ్యం డబ్బాలో చిల్లర దాచేది. వై.వి. రెడ్డి 2003 సెప్టెంబరులో గవర్నరయ్యాక చేసింది నాకు అదే పనిగా కనిపిస్తుంది. దేశంలోకి డాలర్లు వరదలా వస్తున్న రోజులవి. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వ వాటాను 4.5 శాతం నుంచి పెంచుకుంటూ 9 శాతానికి తెచ్చారు. స్థలాల బేరాలకు, రియల్ ఎస్టేట్‌కు పోయే అప్పులకు ముకుతాడు వేశారు. పరుగెత్తే గుర్రానికి కళ్లెమెందుకని గట్టిగానే విసుక్కున్నారు చాలామంది. 2008 సెప్టెంబరు 5న ఆయన దిగిపోయారు. పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. మన బ్యాంకులు నిలబడ్డాయి. నోబెల్ గ్రహీత జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఆయన్ని బాహాటంగా మెచ్చుకున్నారు.

ఇక్కడిదాకా కథ సాఫీగా నడిచింది. కాసిపేటకు తిరిగొస్తే నాకు ముడి పడదు. బంగారం కుదువ విడిపించుకున్న ఆ దశాబ్దంలోనే సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప ఎక్కింది. లక్షకు పైగా ఉన్న కార్మికులు నలభై వేలకు అటూఇటూ అయ్యారు. భూగర్భ బాయిల చోట ఓపెన్‌కాస్టులు లేచాయి. దీనికి వై.వి. రెడ్డిని తప్పుపట్టను. 14వ ఆర్థిక సంఘం అధ్యక్షుడిగా కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెంచమన్నది ఆయనే. ఆ పదిలో మా ఊరి మట్టిరోడ్డుకు ఎంత చేరిందో మాత్రం వెతుక్కుంటూనే ఉన్నాను.

2023-24లో ఇంగ్లండ్‌లో దాచిన మన బంగారంలో 100 టన్నులు రిజర్వు బ్యాంకు వెనక్కి తెచ్చుకుంది. ఆ వార్త అమ్మకు చదివి వినిపించాను. మెడలో తాడు ఒకసారి తడుముకుని, "చిట్టీ తీసుకున్నరా, చింపేసిన్రా?" అని అడిగింది.