మూసేయమన్న కేసులో ముద్దాయిలు

పోలీసులు ఛార్జిషీటు వేశారని పేపర్లో చదివితే నేరం సగం రుజువైనట్టే అనుకుంటాం. నిజానికి అది దర్యాప్తు చేసినవాళ్ల మాట మాత్రమే. అభియోగం మోపేది కోర్టు.

ఇంగ్లండులో ఒకప్పుడు ఆ పని గ్రాండ్ జ్యూరీది. ఫలానా మనిషిని విచారణకు నిలబెట్టాలా వద్దా అన్నది ఊరి పెద్దమనుషులు కూర్చుని తేల్చేవారు. కంపెనీ కాలంలో మద్రాసు సుప్రీంకోర్టుకూ ఆ పద్ధతే వచ్చింది. 1865లో ఇక్కడ ఎత్తేశారు. ఇంగ్లండు మాత్రం 1933 దాకా లాక్కొచ్చింది. మనకు మిగిలింది జడ్జి. ఏ సెక్షన్, ఎప్పుడు, ఎక్కడ అన్నవి రాయించి, ముద్దాయికి చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా అని అడగాల్సింది ఆయనే.

మరి పోలీసులే కేసు లేదంటే? మన స్టేషన్లలో దాన్ని 'రిఫర్ చేశారు' అంటారు. ఛార్జిషీటు వెయ్యమని పోలీసులను మేజిస్ట్రేటు బలవంతపెట్టకూడదని, కేసు లేదన్న పోలీసు నివేదికతో ఏకీభవించకపోతే తానే కేసు స్వీకరించవచ్చని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ మాట ఎంత దూరం పోగలదో నోయిడా చూసింది. 2008 మేలో సెక్టార్ 25లోని జలవాయు విహార్‌లో పద్నాలుగేళ్లు నిండని ఆరుషి అనే అమ్మాయి హత్య జరిగింది. ఆ ఇంట్లో పనిచేసే మనిషి శవం మర్నాడు మేడ మీద దొరికింది. రెండున్నరేళ్లు తిరిగి, 2010 డిసెంబరులో దర్యాప్తు చేస్తున్న సీబీఐ చేతులెత్తేసింది. తల్లిదండ్రుల మీద అనుమానం ఉందిగానీ సాక్ష్యం చాలదు, కేసు మూసేయండి అంది. మూయొద్దు, ఇంకా దర్యాప్తు చేయించండని అభ్యంతరం పెట్టింది ఫిర్యాదుదారైన తండ్రే. 2011 ఫిబ్రవరి 9న ఘజియాబాద్ కోర్టు ఆ మూసివేత నివేదికనే ఆధారం చేసుకుని తల్లిదండ్రులిద్దరికీ సమన్లు పంపింది. చాలదన్న సాక్ష్యమే విచారణకు చాలింది! అభియోగం మోపడానికి బలమైన అనుమానం ఉంటే చాలన్నది చట్టం. శిక్షకు అది సరిపోదు. 2012 మేలో హత్య, సాక్ష్యాల ధ్వంసం అభియోగాలు మోపారు. మరుసటి ఏడు నవంబరులో యావజ్జీవం పడింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది.

2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ సంహిత సెషన్స్ కేసుల్లో అభియోగం మోపడానికి, దానిపై తొలి వాదన రోజు నుంచి 60 రోజుల గడువు పెట్టింది. వాయిదాలకు అది మందే. అనుమానం ఎంత బలంగా ఉండాలన్నది మాత్రం ఇప్పటికీ జడ్జి కుర్చీలో కూర్చున్నవారి అంచనాయే.