అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి

ఇంగ్లీషు రాసేటప్పుడు చాలామంది తడబడే మాట ‘పీస్’. ‘హోల్డ్ యువర్ పీస్’లో ఉన్నది ముక్క కాదు, శాంతి, అంటే నోరు మెదపకుండా ఉండటం. ఆ మాట ఇంతగా నిలిచిపోవడానికి 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోని పెళ్లి తంతు ముఖ్య కారణం. ఈ పెళ్లికి అడ్డంకి తెలిసినవారు ఇప్పుడే చెప్పాలి, లేదా ఎప్పటికీ మౌనంగా ఉండాలి అని పాదిరి అక్కడున్నవారిని అడిగే ఘట్టం అందులో ఉంది. సినిమాలు దాన్ని ప్రేమికుడు ఆఖరి నిమిషంలో చర్చిలోకి దూసుకొచ్చే ఘట్టంగా మార్చాయి గానీ, అసలది చట్టపరమైన హెచ్చరిక. అడిగింది ఇష్టాయిష్టాల గురించి కాదు, ఇదివరకే పెళ్లయిందా, దగ్గరి చుట్టరికమా అన్న అడ్డంకుల గురించి. పైగా అభ్యంతరం చెప్పినవాడు జామీను పెట్టాలి, లేదా పెళ్లివారి ఖర్చుకు సరిపడా సొమ్ము హామీగా కట్టాలి. అప్పుడే విచారణ తేలేదాకా పెళ్లి ఆగేది.

1215 నాటి లాటరన్ చర్చి మహాసభ నుంచే పెళ్లిని ముందుగా చర్చిలో ప్రకటించాలన్న నియమం ఉండగా మళ్లీ పెళ్లిలో అడగడం దండగ కదా అనవచ్చు. కానీ చర్చి నుంచి పెళ్లి లైసెన్సు తెచ్చుకున్నవారికి ఆ ప్రకటనలు అక్కర్లేదు. వారి విషయంలో ఊరందరినీ బహిరంగంగా అడిగే అవకాశం ఇదొక్కటే. ‘ఎప్పటికీ’ మౌనం అన్నది మాత్రం అతిశయోక్తే: మొదటి భార్య బతికుంటే, ఎవరూ నోరెత్తకపోయినా రెండో పెళ్లి చెల్లదు. ఇక ఆ ప్రశ్న అడగడానికి సాక్షి సమాజమే లేని రహస్య వివాహాలు లండన్ ఫ్లీట్ జైలు చుట్టూ వ్యాపారంగా సాగాయి. 1753 హార్డ్‌విక్ వివాహ చట్టం వాటిని అడ్డుకుంటే, తొందరపడే జంటలు ఆ చట్టం వర్తించని స్కాట్లండ్ సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరి దారి పట్టాయి.